విద్యార్థి నిలిచిన తావు: ఉత్తర తెలంగాణమున నిరసన మార్గముల పరిణామము

గోదావరికి ఉత్తరపు టొడ్డున, నిర్మలు జిల్లాలో ఖానాపూర్ అను చిన్న పట్టణము కలదు. 2016వ సంవత్సరపు జిల్లాల పునర్విభజనకు పూర్వ మిది ఆదిలాబాదు జిల్లాలోనిది. నదికి ఆవలివైపున, ఆగ్నేయ దిశయందు జగిత్యాల. ఉత్తరమున అడవుల నడుమ ఇంద్రవెల్లి. పడమట, గోదావరీతీరముననే, బాసర. ఈ మూడు పేర్లకును మన సమీప చరిత్రలో మూడు సంవత్సరములు అంటుకొని యున్నవి. జగిత్యాల యనగా 1978, ఇంద్రవెల్లి యనగా 1981, బాసర యనగా 2022. మొదటిది రైతుకూలీల కథ యనియు, రెండవది గిరిజనుల కథ యనియు, మూడవది యొక విద్యాలయపు వసతుల కథ యనియు వీనిని వేరువేరుగా చెప్పుకొనుట పరిపాటి. వీనియం దెల్ల నేదో యొక రీతిని కానవచ్చు విద్యార్థిని గుర్తించి, అతని నిరసన మార్గము ఏల మారుచు వచ్చెనో వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట నొక ప్రశ్న వేసికొనవలెను. విద్యార్థికి గల బలమేమి? రైతు పంట నాపగలడు. కార్మికుడు యంత్రము నాపగలడు. వర్తకుడు అంగడి మూయగలడు. విద్యార్థి తన చదువును మాత్రమే ఆపగలడు. దానివలన మొదట నష్టపడువాడును అతడే. అతని చేతిలో నున్నది ధనము కాదు, అధికారము కాదు, ఉత్పత్తి కాదు. తాను ఎక్కడ నుండవలెను, ఎక్కడ నుండరాదు అను నిర్ణయము మాత్రమే. కావున విద్యార్థి నిరసన చరిత్ర యనగా అతడు నిలిచిన తావుల చరిత్ర. తావు మారినపుడెల్ల మార్గము మారినది. మార్గము మారినపుడెల్ల చెల్లించిన మూల్యమును మారినది.

1. పదముల సాక్ష్యము

ఈ విషయమునకు మన భాషయే మొదటి సాక్షి. నిరసనను తెలుపుటకు నేడు తెలుగున వాడుకలో నున్న పదములను పరిశీలింపుడు. ‘ఊరేగింపు’ దేవాలయోత్సవము నుండి వచ్చినది. దాని తావు వీథి. ‘హర్తాళ్’ గుజరాతీ పదము, అంగళ్లకు తాళము వేయుట దాని యర్థము, తావు అంగడి. ‘ధర్నా’ హిందీ నుండి వచ్చినది, ఋణదాత తనకు రావలసిన ధనము కొఱకు బాకీదారుని వాకిట కదలక కూర్చుండు పూర్వాచారమునకు పేరు, తావు వాకిలి. ‘రాస్తారోకో’ యనగా బాట నాపుట. ‘ఘెరావ్’ అనగా చుట్టుముట్టుట; ఇది 1960వ దశకమున బెంగాలు కార్మికోద్యమము వలన దేశమంతట వ్యాపించెను. ‘వంటావార్పు’ మన యిండ్లలోని మాట, తావు వంటిల్లు. ఈ పదములలో పెక్కింటికి మూలము ఒక తావే యగుట గమనింపదగినది. అంతకంటె గమనింపదగిన దింకొకటి కలదు. ఇవన్నియు భక్తుడు, వర్తకుడు, ఋణదాత, కార్మికుడు, గృహిణి మొదలగువారి వద్ద విద్యార్థి యెరవు తెచ్చుకొన్న పదములు.

విద్యార్థి ప్రత్యేకముగా తనదిగా చేసికొన్న పద మొక్కటి కలదు. అది ‘బహిష్కరణ’. బహిః అనగా వెలుపల. వెలుపలికి పంపుట యని దాని యర్థము. మన గ్రామములలోని ‘వెలి’యే యది. ఈ పదమునకు మూడు దశలలో మూడు కర్తలు మారిరి. 1938లో అధికారులు విద్యార్థులను బహిష్కరించిరి. 1969లో విద్యార్థులు తరగతులను, పరీక్షలను బహిష్కరించిరి. 1978లో గ్రామీణులు దొరలను బహిష్కరించిరి. ఒక్క పదము చేతులు మారిన ఈ క్రమమే మన విషయమునకు చక్కని సూచిక.

2. ప్రార్థనాగృహము (1938)

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ బోధనాభాషగా స్థాపింపబడెను. నిజాము రాజ్యమున బహిరంగ సభ జరుపవలెనన్న ‘గస్తీ నిషాన్ 53’ అను ఉత్తరువు అడ్డుపడుచుండెను. వీథి విద్యార్థిది కాదు. సభావేదికయు అతనిది కాదు. అతనికి మిగిలిన తావు వసతిగృహములోని ప్రార్థనాగృహము. 1938 నవంబరులో విద్యార్థు లచ్చట ‘వందేమాతరము’ పాడిరి. అధికారులు వలదనిరి. విద్యార్థులు మానలేదు. వసతిగృహములనుండియు, పిదప కళాశాలలనుండియు వందలకొలది విద్యార్థులు బహిష్కృతులైరి. ఉద్యమము వరంగల్లు మొదలగు చోట్ల కళాశాలలకును ప్రాకెను.

ఇచ్చట మార్గము మిక్కిలి మితమైనది. బాట నాపలేదు, ఆస్తిని తాకలేదు, పాడవలదన్న పాట పాడుట, శిక్షను స్వీకరించుట, ఇంతే. దాని ప్రేరణ గాంధీజీ సత్యాగ్రహమునందున్నది. అయినను మూల్యము స్వల్పము కాదు. చదువు పోయినది. బహిష్కృతులలో పెక్కండ్రను నాగపూరు విశ్వవిద్యాలయము చేర్చుకొనెను. ఆ ద్వారమును తెరచినవాడు దాని ఉపాధ్యక్షుడు టి.జె. కేదార్. నాడు కరీంనగరు జిల్లాలోనిదైన వంగర గ్రామమునకు చెందిన పి.వి. నరసింహారావు ఇట్లు నాగపూరు చేరినవారిలో నొకడు. ఉద్యమమును నడపినవారు విద్యార్థులే గాని, వారి చదువును నిలిపినవాడు వేరొక రాష్ట్రపు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు. ఈ విషయము వ్యాసాంతమున మరల మనకు పనికివచ్చును.

3. వీథి (1952, 1969)

1948లో నిజాము పాలన అంతరించెను. ఎన్నికైన ప్రభుత్వము 1952లో ఏర్పడెను. ఇప్పుడు వీథి పౌరునిది. కావున నిరసన గది వీడి వీథికి వచ్చెను. ‘ముల్కీ’ యనగా దేశీయుడు. ఉద్యోగములు స్థానికులకే చెందవలెనను నిబంధన నిజాము కాలము నుండియు కలదు. ఆ నిబంధనకు భంగము కలుగుచున్నదని 1952 వేసవి దాటిన పిమ్మట వరంగల్లున విద్యార్థు లాందోళనము ప్రారంభించిరి. ఊరేగింపులు హైదరాబాదునకు వ్యాపించెను. సెప్టెంబరు 3, 4 తేదీలలో నగరమున, ముఖ్యముగా సిటీ కళాశాల ప్రాంతమున, పోలీసు కాల్పులు జరిగి కొందరు మరణించిరి. నాటి ప్రభుత్వము న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిచే విచారణ జరిపించెను.

1969లో ఇదే మార్గము పదిరెట్లు పెద్దదయ్యెను. ఆంధ్రప్రదేశ్ అవతరణకు ముందు 1956లో జరిగిన పెద్దమనుషుల ఒప్పందము అమలు కాలేదనియు, కొత్తగూడెము విద్యుత్కేంద్రమున స్థానికులకు ఉద్యోగములు దక్కలేదనియు 1969 జనవరిలో ఖమ్మమున విద్యార్థి నిరాహారదీక్ష మొదలయ్యెను. రక్షణలు చాలునను వర్గమును, ప్రత్యేక రాష్ట్రమే కావలెనను వర్గమును విద్యార్థులలో ఏర్పడి, రెండవ వర్గము బలపడెను. తరగతులు, పరీక్షలు బహిష్కరింపబడెను. బందులు, ఊరేగింపులు నెలల తరబడి సాగెను. కాల్పులలో మూడువందలకు పైగా మరణించిరని ఉద్యమకారులు చెప్పుదురు. చదువుకొనుచున్నవారికి ఒక విద్యాసంవత్సరము పోయెను.

ఫలిత మేమి? 1971 లోకసభ ఎన్నికలలో తెలంగాణమునందలి 14 స్థానములలో 10 స్థానములు తెలంగాణ ప్రజాసమితి గెలిచెను. ఆ యేడాదియే ఆ పక్షము కాంగ్రెసులో విలీనమయ్యెను. రాష్ట్రము రాలేదు. వీథి యొక్క బలమును, దాని బలహీనతయు నిచ్చట స్పష్టముగా కానవచ్చును. వీథి లోకమునకు కనిపించును, నగరమును స్తంభింపజేయును, కాని వీథిలో ప్రోగైన బలమును ఎన్నికలలోనికి కొనిపోవువారు పెద్దలు. విద్యార్థి ఆ పెద్దలతో బేరమాడజాలడు. 1969 నాటి నిరాశయే తరువాతి దశకు విత్తనమైనది.

4. ఊరు (1974–1978)

ఆ కాలమున లోకమంతయు విద్యార్థి కలకలముతో నుండెను. 1967లో నక్సల్బరి, ఆ వెనువెంటనే శ్రీకాకుళము, 1968 మే నెలలో పారిస్. ఉస్మానియా ప్రాంగణమున 1972 ఏప్రిల్ 14న భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి జార్జిరెడ్డి హత్యకు గురియయ్యెను. 1974లో రాడికల్ విద్యార్థి సంఘము ఏర్పడి, 1975 ఫిబ్రవరిలో హైదరాబాదున ప్రథమ మహాసభ జరుపుకొనెను. నాలుగు నెలలకే అత్యవసర పరిస్థితి వచ్చెను. 1975 జూలై 25న మెదకు జిల్లా గిరాయిపల్లి అడవిలో వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి సూరపనేని జనార్దన్‌తో కూడ నలుగురు యువకులు పోలీసుల చేతిలో మరణించిరి. అది ఎదురుకాల్పు అని పోలీసులును, పట్టుకొని కాల్చిరని పౌరహక్కులవారును చెప్పిరి.

అత్యవసర పరిస్థితి తొలగిన పిమ్మట, 1978 వేసవి సెలవులలో, విద్యార్థులకు ‘గ్రామాలకు తరలండి’ అను పిలుపు వచ్చెను. ఇది విద్యార్థి నిరసన చరిత్రలో నొక పెద్ద మలుపు. అప్పటివరకు విద్యార్థి తరగతిని విడిచి వీథికి వచ్చెడివాడు. ఇప్పుడు నగరమునే విడిచెను. దళములుగా ఊరూర తిరిగి, ఎవరి భూమి ఎంత, కూలి ఎంత, వెట్టి యేది అని అడిగి తెలిసికొనుట, పాటలతో, సభలతో జనమును కూడగట్టుట వారి పని.

ఈ మార్గమునకు పూర్వోదాహరణము కలదు. 1874 వేసవిలో రష్యా దేశపు విద్యార్థులు వేలకొలదిగా పల్లెలకు పోయిరి. వారిలో పెక్కండ్రు కులీనుల బిడ్డలు. వారి వేషమును, భాషయు పల్లెవారికి వింతయై తోచెను, ఆదరణ దొరకలేదు, పలుచోట్ల పల్లెవారే వారిని పోలీసులకు పట్టియిచ్చిరి. జగిత్యాలలో నట్లు ఏల జరుగలేదు? కరీంనగరు కళాశాలలలోని విద్యార్థులు పెక్కండ్రు ఆ పల్లెల బిడ్డలే. ‘తరలండి’ యను పిలుపు వారికి పరదేశమునకు పోవుట కాదు, ఇంటికి పోవుట. వారు మాటలాడిన భాష పాఠ్యపుస్తకముల భాష కాదు, తల్లుల భాష. ఒక తరము ముందు వారి తండ్రులకు కళాశాల లేదు. ఒక తరము తరువాత వారి బిడ్డలకు పల్లె లేదు. ఈ రెంటి నడుమ నున్న తరమునకే ఆ మార్గము సాధ్యమైనది.

1978 సెప్టెంబరులో వేలకొలది రైతుకూలీలు జగిత్యాలకు ఊరేగింపుగా వచ్చిరి. దానినే ‘జగిత్యాల జైత్రయాత్ర’ యందురు. కూలి పెంపు, వెట్టి రద్దు, ఆక్రమిత భూముల అప్పగింత వారి కోరికలు. మాట వినని దొరలకు చాకలి, మంగలి, పాలేరు పనులు నిలిచిపోయెను. తరతరములుగా దొర చేతిలో నున్న ‘వెలి’ యను ఆయుధమును జనము దొరపైననే ప్రయోగించిరి. అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను.

5. అడవి (1980–2025)

ఆ ప్రకటనతో బహిరంగ సభ, ఊరేగింపు, సంఘము అసాధ్యములయ్యెను. ఊరిలో నిలువ వీలులేనివాడు రెండు మార్గములలో నొకటి యెన్నుకొనవలెను: మరల కళాశాలకు, లేదా అడవికి. 1980 ఏప్రిలులో కొండపల్లి సీతారామయ్య నాయకత్వమున పీపుల్స్‌వార్ ఏర్పడెను. కొందరు విద్యార్థులు గోదావరి దాటి ఆదిలాబాదు అడవులలోనికి పోయిరి.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘపు సభ జరుగవలసి యుండెను. అనుమతి రద్దయిన సంగతి తెలియక, సంతదినము కూడ నగుటచే, గోండులు నలుదెసలనుండి వచ్చిరి. పోలీసు కాల్పులు జరిగెను. ప్రభుత్వ లెక్క ప్రకారము 13 మంది, ఇతరుల లెక్క ప్రకారము అంతకు అనేకరెట్లు మరణించిరి. నేడు ఖానాపూర్ శాసనసభా నియోజకవర్గములో ఇంద్రవెల్లి యొక భాగము. అచ్చట స్మారకస్తూపము కలదు. అధ్యాపకులమైన మన మొక విషయమును తప్పించుకొనరాదు. ఇంద్రవెల్లిలో నేలకొరగినవారు విద్యార్థులు కారు. బడి ముఖము సరిగా చూడని భూమిలేని గోండులు. విద్యార్థి తన తావు మార్చుకొన్నపుడు, ఆ తావులో ముందునుండి యున్నవారును మూల్యము చెల్లింతురు. వారి భూమి తగవు విద్యార్థి పుట్టించినది కాదు, నిజమే. కాని మార్గమును ఎన్నుకొన్నవాడు ఒకడు, దాని భారము మోసినవాడు వేరొకడు అను ప్రశ్న మిగిలియే యున్నది.

ఆ మార్గము తుది యేమి? 1992 మేలో పీపుల్స్‌వార్‌తో పాటు రాడికల్ విద్యార్థి సంఘము నిషేధింపబడెను. బహిరంగ విద్యార్థి సంఘముగా దాని ఉనికి అంతటితో ముగిసెను. పెద్దపల్లి వాడును, కరీంనగరు కళాశాలలో చదివినవాడును నగు మల్లోజుల కోటేశ్వరరావు 2011 నవంబరులో పశ్చిమ బెంగాలు అడవిలో మరణించెను. అతని తమ్ముడు వేణుగోపాలరావు 2025 అక్టోబరులో గడ్చిరోలిలో, సుమారు 60 మందితో కూడ, ఆయుధములు అప్పగించెను. ఒక్క యింటి ఇరువురు సోదరుల జీవితములలో ఆ మార్గము యొక్క ఆద్యంతములు కానవచ్చుచున్నవి. అడవికి పోయిన విద్యార్థి విద్యార్థిగా తిరిగి రాలేదు. తరగతిని విడిచినవానికి మరుసటి యేడు తరగతి యుండును. అడవి అట్టి యవకాశము నీయలేదు.

6. మరల ప్రాంగణము (2009–2014)

2009 నవంబరు 29న కె. చంద్రశేఖరరావు నిరాహారదీక్షకు సిద్ధిపేట పోవుచు కరీంనగరు సమీపమున నిర్బంధింపబడిన వెంటనే ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయములు రగిలెను. ఈ మారు మార్గము 1978కి విలోమము. విద్యార్థి ఊరికి పోలేదు. ఊరే విద్యార్థి కడకు వచ్చెను. బతుకమ్మ, ధూంధాం, వంటావార్పు, పల్లె పాట ఇవన్నియు ప్రాంగణమునకును, రహదారులకును వచ్చెను. వివిధ పక్షముల విద్యార్థులు ఐక్య కార్యాచరణ సమితిగా ఒక్కచో నిలిచిరి. డిసెంబరు 9 రాత్రి కేంద్రము రాష్ట్ర ప్రక్రియను ప్రకటించెను. పిదప వెనుకంజ వేసెను.

2011 సెప్టెంబరు 13న మొదలైన సకలజనుల సమ్మె 42 దినములు సాగెను. సింగరేణి గనులలో బొగ్గు నిలిచినపుడు విద్యుదుత్పత్తి కుంటువడెను. ప్రారంభమున చెప్పిన సూత్రము నిచ్చట స్మరింపవలెను. విద్యార్థి ఆరంభింపగలడు, ఆపగలవాడు కార్మికుడు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మవతరించెను. 1969లో దొరకనిది ఈ మారు దొరకుటకు ముఖ్యకారణములలో నొకటి, విద్యార్థి ఒంటరిగా లేకుండుటయే.

అయినను ఈ దశకు తీరని మచ్చ యొకటి కలదు. పలువురు యువకులు తమ ప్రాణములను తామే తీసికొనిరి. నిరసనకు తావుగా తరగతి, వీథి, ఊరు, అడవి అన్నియు ముగిసిన పిమ్మట తన శరీరమునే తావుగా చేసికొనుట యిది. వారి త్యాగమును స్తుతించు సభలు ఎన్నో జరిగినవి. వారికి పాఠము చెప్పినవారు సభలో కన్నీరు కార్చుటకంటె ముందు, ‘నీవు బ్రతికియుండుటయే ఉద్యమమునకు బలము’ అని తరగతిలో చెప్పియుండవలసినది.

7. ద్వారము (2022)

బాసర రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో స్థాపింపబడెను. పదవ తరగతి ముగిసిన గ్రామీణ బాలబాలికలు ఇచ్చట ఆరేండ్లు చదువుదురు. 2022 జూన్ 14న వారు ప్రధానద్వారము కడ కూర్చుండిరి. వారి సంఖ్య సుమారు 8,000. కోరికలు 12: శాశ్వత ఉపాధ్యక్షుడు, తగినంతమంది అధ్యాపకులు, భోజనము, వసతులు, కంప్యూటర్లు మొదలగునవి. ఎండలో, వానలో గొడుగులు పట్టుకొని బారులు తీరి కూర్చుండిరి. ఏ రాజకీయ పక్షపు జెండాయు పట్టలేదు. బయటివారిని లోనికి రానీయని ప్రహరిగోడ వారి వార్తను ఆపలేకపోయెను. చేతిలోని ఫోను ఆ పని చేసెను. ఏడవ దినమున, జూన్ 20 రాత్రి, విద్యామంత్రి వచ్చి చర్చలు జరుపగా నిరసన విరమింపబడెను. మరునాడు తరగతులు మొదలయ్యెను.

ఈ మార్గమున క్రొత్తదనమేమి? ఇంతకు పూర్వము విద్యార్థి విద్యాలయమును విడిచి నిరసన తెలిపెను. బాసర విద్యార్థి దానిని విడువక నిరసన తెలిపెను. అతడు కోరినది చదువు ఆగుట కాదు, చదువు సాగుట. కావున అతడు కూర్చుండిన తావు వీథి కాదు. లోపలికి వెలుపలికి నడుమనున్న ద్వారము. ఇది ధర్నా పదము యొక్క తొలి యర్థమునకు మిక్కిలి దగ్గరైనది: తనకు రావలసిన దానిని కోరుచు వాకిట కదలక కూర్చుండుట.

దీనికిని పరిమితి కలదు. కోరికలు చిన్నవని కొందరు తేలికగా మాటలాడిరి. జూలైలోనే భోజనశాల ఆహారము వలన పలువురు విద్యార్థులు అస్వస్థులైరి. ద్వారము కడ కూర్చున్నవాడు లేచిన పిదప, మాట నిలుపుకొనునట్లు చేయు బలము అతని కడ లేదు. ఊరు, గని, పొలము అతని వెంట లేవు. జగిత్యాల విద్యార్థికి కోట్ల జనపు సమస్య కలదు గాని తన చదువు మిగులలేదు. బాసర విద్యార్థికి తన చదువు మిగిలినది గాని వెనుక జనము లేదు.

8. ఉపసంహారము

పై పరిశీలనము వలన తేలినదానిని సంగ్రహింతము. మార్గము మారుటకు సిద్ధాంత మొక్కటే కారణము కాదు. ఏ తావు తెరచియున్నది, ఏ తావు మూయబడినది అనునది ప్రధానము. సభకు అనుమతి లేనపుడు పాట వచ్చెను. వీథి తెరచుకొన్నపుడు ఊరేగింపు వచ్చెను. వీథి మోసము చేసినదని తోచినపుడు ఊరు వచ్చెను. ఊరు మూయబడినపుడు అడవి వచ్చెను. కల్లోలిత ప్రాంత ప్రకటనకు పిమ్మట విద్యార్థి తుపాకి పట్టెనని నిందించువారు, ఆ ప్రకటనకు ముందు అతడు పాట పట్టి తిరిగెనని గుర్తుంచుకొనవలెను. అట్లే, తుపాకి తప్పనిసరి యని వాదించువారు, ఊరు మూయబడిన పిదప కూడ కళాశాలకు మరలి, ఉపాధ్యాయులై, న్యాయవాదులై, పౌరహక్కుల కొఱకు నిలిచినవారిని గుర్తుంచుకొనవలెను.

ఇక మన సంగతి. ఈ చరిత్రలో అధ్యాపకుడు చాలవరకు ప్రేక్షకుడు. అయినను రెండు దృష్టాంతములు మరువరానివి. బహిష్కృతులకు ద్వారము తెరచిన కేదార్ ఒకడు. 1952లో వరంగల్లున విద్యార్థిగా ముల్కీ ఆందోళనమున పాల్గొని, పిదప కాకతీయ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై, 2011లో మరణించువరకు ఆ వాదమును అంకెలతో, గ్రంథములతో నిలిపిన కొత్తపల్లి జయశంకర్ మరియొకడు. మొదటివాడు ఉద్యమకారుని చదువును కాపాడెను. రెండవవాడు ఉద్యమమునే చదువుగా మార్చెను. విద్యార్థికి తరగతిలో ప్రశ్న వేయు తావు ఉన్నంతవరకు అతడు ప్రాణము పణముగా పెట్టు తావును వెదకికొనడు. ఆ తావును తెరచియుంచుట మన చేతిలోని పని. ఖానాపూర్ వంటి పట్టణములనుండి ఉన్నతవిద్యకై ఇల్లు విడిచి వచ్చు పిల్లవానికి మన తరగతియే మొదటి పరదేశము. అది అతనికి వాకిలి కావలెను గాని ప్రహరిగోడ కారాదు.